ఎడమ జోడులో మేజోళ్ళు

ఎనిమిదింటి లోపల చెయ్యాల్సిన పనులు. మూడు డేగిశాల మీదా తేలే నురుగు తీసేస్తూ ఉండాలి. ఏదీ తెర్లకూడదు, మంట సన్నగానే ఉండాలి. మసాలా మూటలు పైకి తేలితే గరిటెతో కిందికి నొక్కాలి. క్యాబేజీలు పెద్ద చెక్కలుగా కోసి రెండో బల్ల మీద పెట్టాలి. నిన్నటి రొట్టెలు ముక్కలు చేసి పళ్ళేల్లో పరవాలి. జుల్మీరా పుదీనా తెచ్చాక ఆకులు దూసి తడిగుడ్డలో చుట్టాలి. మోకాళ్ళ మాత్ర వేసుకోవాలి. కాలెబ్ ఫోన్ చేసినప్పుడు అవుననో కాదనో చెప్పాలి.

చివరి రెండూ నేను కలుపుకున్నవి. మిగతావన్నీ పెద్ద వంటవాడు గిల్బెర్తో అట్టముక్క మీద రాసి పొయ్యి పైన మేకుకి తగిలించి వెళ్ళాడు. వంటవాళ్ళంతా చర్చిలో పొద్దుటి పూజకి వెళ్ళారు, దీవుల నుంచి వలస వచ్చిన మావాళ్ళ క్లబ్బు నేలమాళిగలో నేనొక్కదాన్నే మిగిలాను, వెళ్తూ వెళ్తూ అతను "చూడు ప్రొఫెసరమ్మా, మాంసానికి నువ్వు భాష నేర్పక్కర్లేదు, ఊరికే దాని మొహం చూస్తూ కూర్చో, తెర్లనిచ్చావో పులుసు మడ్డిగా అయిపోతుంది, పండుగ పూట ఫాల్ రివర్ ఊరంతా నన్ను తిడుతుంది" అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నేను ఏనాడూ ప్రొఫెసర్ని కాలేదు, సాయంకాలం కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పానంతే, కానీ ఈ వీధిలో మొదట డిగ్రీ పుచ్చుకున్న మనిషిని పిలవడానికి వాళ్ళకి ఇంకో మాట దొరకలేదు, ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళొచ్చాక దాన్ని దిద్దే ఓపిక నాకూ లేదు. కుర్చీ గట్టిది. రబ్బరు జోళ్ళలో కాళ్ళు ఉబ్బాయి. ఈ నేలమాళిగకి గోడ పైభాగాన వరసగా కిటికీలు, వీధి సరిగ్గా ఆ ఎత్తున ఉంటుంది గనక వాటిలోంచి మనుషుల కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి, చిన్నప్పుడు పవిత్రాత్మ పండుగకి పెద్దవాళ్ళు ఇక్కడ వండుతుంటే నేనూ చెల్లెలు జుల్మీరా బల్ల కింద దూరి, పోయే కాళ్ళను బట్టి మనుషుల పేర్లు చెప్పే ఆట ఆడేవాళ్ళం, ఎప్పుడూ అదే గెలిచేది. ఇప్పుడు ఎవరూ లేరు, ఒక పావురం అటూ ఇటూ తిరుగుతోంది, దాని కాళ్ళు కూడా ఎర్రగా అలిసిపోయినట్టున్నాయి.

నురుగు. తీశాను. మళ్ళీ వస్తుంది, గోధుమరంగు అంచుతో, చిన్న చిన్న దీవుల్లాగా, గరిటె అంచున చేర్చి బకెట్లో వెయ్యాలి, ఒకదాన్ని తీస్తుంటే పక్కది పుడుతుంది. నవలలు రాసే ఎర్నెస్తీనా ఉండిన దీవి కూడా మ్యాపులో ఇలాగే, ఎవరో మరిచిపోయిన నురుగు ముక్కలా సముద్రం మధ్యన ఉంటుంది. ఆమె పోయి మూడు వారాలైంది, వంటింటి బల్ల మీద తల ఆనించి నిద్రపోతున్నట్టే ఉందట, పక్కింటావిడ కాఫీకి పిలవడానికొచ్చి చూసిందట. ముప్ఫై ఏళ్ళుగా ఆమె మావాళ్ళ దీవుల భాషలో రాసిన నవలలన్నీ నేనే ఇంగ్లీషులోకి తెచ్చాను, ఈ ఆఖరిదీ అధ్యాయం తరవాత అధ్యాయంగా వస్తూనే ఉంది, నేను చేస్తూనే ఉన్నాను, జస్టినా అనే ఒక ముసలి విధవ కథ, దీవి వదిలి అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళాలా వద్దా అని రెండు వందల పేజీలు తేల్చుకోలేని మనిషి. చివరికొచ్చిన కాగితంలో చివరి వాక్యం, 'ఆమె తలుపు తీసి, గాలి ఎటునుంచి వీస్తోందో చూసింది.' అంతే. తరవాత టైపు మిషనులో తెల్లకాగితం ఉందని మేనల్లుడు చెప్పాడు. ఇంకొక్క అధ్యాయం మిగిలింది, అందులోనే వెళ్తుందో ఉంటుందో తెలియాలి, అది ఆమెతోనే పోయింది.

అది తెలిసిన కొన్నాళ్ళకి కాలెబ్ ఫోన్ చేశాడు. మంచివాడే, న్యూయార్క్‌లో ప్రచురణ సంస్థలో సంపాదకుడు, నా కొడుకంటూ ఉంటే ఆ వయసుండేది. "ఆమె గొంతు మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, ఇదాలీనా. ఆ అధ్యాయం మీరే రాయండి. అక్కడ, ఆమె భాషలో, పుస్తకం ఇంకా అచ్చు కాలేదు కదా, కాగితాల్లో దొరికిందని అంటాం, మేనల్లుడికి అభ్యంతరం లేదు. ఎవరూ అడగరు" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి "నిజం చెప్పాలంటే, ముగింపు లేని నవల వెయ్యడానికి మా పైవాళ్ళు ఒప్పుకోరు. పుస్తకం మొత్తం ఆగిపోతుంది" అని కూడా అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను, కానీ ఫోన్ పెట్టేసిన చెయ్యి కలం కోసమే వెతికింది, ఆలోచన తరవాత వచ్చింది. వారంలో రాసేశాను. ఆ కాగితాలు ఇప్పుడు నా చేతిసంచిలో ఉన్నాయి, ఆ బల్ల చివర, గిల్బెర్తో కోటు కింద. గొప్ప కోసం చెప్పడం లేదు, జీవితమంతా ఇదే పని చేసినవాళ్ళకి తెలిసిపోతుంది, నేను రాసినవాటిలో ఇదే బాగుంది. జస్టినా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని జోళ్ళు విప్పుతుంది, మేజోళ్ళు చుట్టి ఎడమ జోడులో పెడుతుంది, వట్టి కాళ్ళతో నల్లరాళ్ళ దారిన ఓడరేవుకి దిగుతుంది, ఓడ ఎక్కుతుందో లేదో నేను చెప్పలేదు, కాళ్ళకింద రాళ్ళ వేడి మాత్రం చెప్పాను. రేపు సోమవారం వాళ్ళ సమావేశమట, అందుకే ఆదివారమైనా ఎనిమిదింటికి చేస్తానన్నాడు. అవునంటే ఎర్నెస్తీనా ఆఖరి పుస్తకం బతుకుతుంది, నేను రాసిన పేజీలను మొట్టమొదటిసారి వేలమంది చదువుతారు, నేనే రాశానని ఒక్కడికీ తెలియదు. కాదంటే ఆ పుస్తకం డ్రాయరులో ఉండిపోతుంది, నా మూలంగా.

మసాలా మూట తేలింది, నొక్కాను, దాల్చినచెక్క వాసన ముక్కుకి కొట్టింది, ఇదే వాసన నాకు డిగ్రీ ఇచ్చిన రోజు అమ్మ గౌనుకి అంటుకుని ఉంది, అంతకు ముందు ఆదివారమే పండుగ అయింది, ఉతికినా పోలేదు. అమ్మ కర్టెన్ల ఫ్యాక్టరీలో కత్తిరింపు బల్ల దగ్గర రోజంతా నిలబడి పని చేసేది, ఆ రోజు సెలవు పెట్టి బస్సెక్కి వచ్చింది, నా చేతులు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి "ఇంక నీకు కూర్చుని చేసే పని దొరుకుతుంది, కాళ్ళు లాగవు" అంది. నిజమే, కాళ్ళు లాగలేదు, మెడ లాగింది, కళ్ళు లాగాయి, కుడిచేతి బొటనవేలు లాగింది. మొదట బట్టలుతికే మిషన్ల కాగితాలు అనువదించాను, ఆపరేషనుకి ముందు సంతకం పెట్టించుకునే పత్రాలు, సముద్రంలో పోయిన జాలరుల భార్యల పింఛను అర్జీలు, ఏది ఇస్తే అది, మాకు చదువంటే అదే, ఇచ్చిన పని సరిగ్గా చెయ్యడం. తరవాత నవలలు. మధ్యమధ్య నావి మూడు. నా మూడు నవలలూ జుల్మీరా ఇంట్లో టీవీ పక్కన ప్లాస్టిక్ పూల కింద ఉన్నాయి, అది ప్రతి శనివారం దుమ్ము దులుపుతుంది, ఒక్కటీ తెరవలేదు. క్లబ్బు లాటరీలో కూడా పెట్టేవాళ్ళు, మొదటి బహుమతి టీవీ, రెండోది పంది తొడ, ఆఖరిది నా నవల, ఒక ఏడు ఆఖరి బహుమతి తగిలిన మంగలి ఆంటెరో దాన్ని నా దగ్గరికే తెచ్చి "ఏమనుకోకు ప్రొఫెసరమ్మా, దీని బదులు రెండు సాసేజీలు ఇప్పిస్తావా" అన్నాడు, ఇప్పించాను, ఏమనుకోలేదు కూడా, ఆ రోజు నాకూ ఆకలిగానే ఉంది. ఎర్నెస్తీనా పుస్తకాలకి మాత్రం సమీక్షలు వచ్చేవి, రాయిలాంటి గొంతు అని, ఉప్పుగాలి అని ఎంతెంతో రాసేవారు, చివరి పేరాలో అనువాదం గురించి ఒక్కటే మాట, సాఫీగా ఉంది. సాఫీగా, నేనేదో చొక్కా ఇస్త్రీ చేసినట్టు.

ఆ చొక్కా ఆమెదే, అది ఒప్పుకోవాలి. మొదటిసారి ఆ దీవికి వెళ్ళి, తలుపు కొట్టి, దారి పొడుగునా వల్లె వేసుకున్న నాలుగు మాటలూ చెప్పానో లేదో, పగలబడి నవ్వింది. "అమ్మాయ్, నువ్వు మా అమ్మమ్మ కాలపు వంటమనిషిలా మాట్లాడుతున్నావు. ఎవరు నేర్పారు నీకు?" మా అమ్మ అన్నాను, చెవులు కాలిపోతుంటే. సిగరెట్టు పక్కన పెట్టి కాసేపు నన్నే చూసింది. "అయితే నువ్వే చెయ్యి. పట్నం వాళ్ళు చేస్తే నా మనుషులకి సూటు తొడుగుతారు." ఇంగ్లీషు ఆమెకి ఒక్క ముక్క రాదు, అయినా ప్రతి పుస్తకమూ అయ్యాక నేను ఫోన్లో మొదటి నుంచి చివరిదాకా ఇంగ్లీషులోనే చదవాలి, ఆమె వినాలి, అదీ మా పద్ధతి, ఇంకెవరూ ఇలా చెయ్యగా నేను వినలేదు. నచ్చనిచోట వేళ్ళ కణుపులతో బల్ల మీద టకటకమని కొట్టేది, "ఇక్కడ ఊపిరి ఎక్కువైంది, ఆ మనిషి అంతసేపు మాట్లాడదు" అనేది, వెనక్కి వెళ్ళి చూస్తే నిజంగానే అక్కడ నేనేదో అందం కోసం చేర్చి ఉండేదాన్ని. అర్థం కాకుండా ఎలా తెలుస్తుంది మీకు అని అడిగితే "మా ఆయన మెట్లెక్కుతుంటే తాగొచ్చాడో లేదో తెలిసేది, మొహం చూడాల్సిన పనేముంది" అంది. ఈ అధ్యాయం ఆమెకి చదవలేదు. చదవడానికి ఆమె లేదు. నిన్న వంటింట్లో నిలబడి పైకి చదువుకున్నాను, ఎక్కడా చప్పుడు లేదు, అది ఒప్పుకున్నట్టా, లేనట్టా, ఫ్రిజ్జు ఒకటే మూలుగుతోంది.

క్యాబేజీలు. కత్తి మొండిది, గిల్బెర్తో మంచి కత్తి పూజకి కూడా పట్టుకెళ్ళి ఉంటాడు. కోస్తుంటే ఆ ముక్కల పచ్చి చప్పుడు బాగుంది, ఎవరి పేరూ అక్కర్లేని పని, సాయంత్రానికి ఐదువందల మంది తిని పోతారు, ఎవరు కోశారని ఎవడూ అడగడు, నాకూ చెప్పుకోవాలనిపించదు, మరి ఆ అధ్యాయం కూడా అలాగే అనుకుంటే ఏం పోయింది. మా వాళ్ళలో మొక్కుల సంగతి కూడా ఇలాంటిదే కదా. జుల్మీరా మూడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మెదడుకి జ్వరమొచ్చి కళ్ళు తేలేసింది, నాన్న జెర్వాసియో ఆసుపత్రి వరండాలో మోకాళ్ళ మీద పడి, పిల్ల బతికితే ఏడేళ్ళు పండుగ ఊరేగింపులో పవిత్రాత్మ కిరీటం వెనక వట్టి కాళ్ళతో నడుస్తానని మొక్కుకున్నాడు. బతికింది. రెండేళ్ళు నడిచాడు, ఆ మీదటి చలికాలం రంగుల మిల్లు మెట్ల మీద గుండె ఆగి పోయాడు. మా దగ్గర మొక్కు మనిషితో పోదు, మిగిలింది ఇంట్లోవాళ్ళు తీర్చాలి, తీర్చకపోతే పోయినవాడికి నిద్ర ఉండదంటారు. అమ్మ నడిచింది. మిగిలిన ఐదేళ్ళూ, చర్చి నుంచి ఈ క్లబ్బు దాకా, గులకరాళ్ళ దిగుడు, ఎండకి తారు మెత్తబడిన వీధి, నేను ముందు వరసలో ఆడపిల్లలతో జెండా పట్టుకుని నడుస్తూ వెనక్కి తిరిగి చూసేదాన్ని, అమ్మ ఎప్పుడూ నేల కేసి చూసేది కాదు. క్లబ్బు గుమ్మం దగ్గర మైకులో ఒక్కొక్క మొక్కునీ పిలుస్తారు, మొక్కుకున్నది ఎవరైతే వాళ్ళ పేరే పిలుస్తారు, తీర్చేవాళ్ళది కాదు. "జెర్వాసియో ఫుర్తాదో మొక్కు!" అనగానే జనం పక్కకి తప్పుకుంటే అమ్మ పగిలిన మడమలతో లోపలికి వచ్చేది. ఐదేళ్ళూ నాన్న పేరే. అమ్మ పేరు ఒక్కసారీ పిలవలేదు, అమ్మా అడగలేదు. ఎర్నెస్తీనాకి మాత్రం ఇంట్లోవాళ్ళు ఎవరున్నారు, మేనల్లుడికి ఆమె వాక్యం ఒక్కటి రాదు, ఇంట్లో మనిషినంటే నేనే, ఆమె మొక్కు సగంలో ఆగింది, నేను నడుస్తాను, ఆమె పేరు పిలుస్తారు, ఇందులో దొంగతనం ఎక్కడుంది. వారం నుంచి ఈ వాదన ఇటుక మీద ఇటుక పెట్టి కట్టుకుంటున్నాను, ఎక్కడా పగులు కనిపించదు, అయినా అందులో కూర్చుంటే చలేస్తోంది ఎందుకో, అలసట అనుకుంటాను, ముప్ఫై ఏళ్ళు ఇంకొకళ్ళ నోటితో మాట్లాడాక మనిషికి తన నోరు ఎక్కడుందో తడుముకోవాల్సి వస్తుంది, ఇంకొక్కసారి, ఒక్క అధ్యాయం, ఆ తరవాత పడుకోవచ్చు, టక టక, సరే ఎర్నెస్తీనా గారూ, ఏమైంది, ఎక్కడ ఎక్కువైంది, మెట్టు దగ్గరా, రాళ్ళ దగ్గరా, టక టక టక, చెప్పండి, వింటున్నాను, టక టక టక టక

"అక్కా! పొంగుతోందే! కళ్ళెక్కడ పెట్టుకున్నావు?"

టకటకమన్నది నడిమి డేగిశా మూత. జుల్మీరా గుమ్మంలో పుదీనా కట్టలు కింద పడేసి పరుగెత్తుకొచ్చింది, నేను ఆదరాబాదరాగా వట్టి చేత్తోనే మూత లాగాను, ఆవిరి మణికట్టు మీదుగా కొట్టింది, పులుసు పొయ్యి మీద పడి బుస్సుమంది. చెల్లెలు మంట తగ్గించి, నన్ను లాక్కుపోయి కుళాయి కింద చెయ్యి పెట్టించి, అలాగే పట్టుకుని నిలబడింది. నలభై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన చెయ్యి, పట్టుకుంటే వదలదు.

"ఒక్క పని చెప్పారు నీకు. ఒక్కటంటే ఒక్కటి."

"గిల్బెర్తోకి చెప్పకే."

"నేను చెప్పడమెందుకు, వాడి ముక్కు చెప్తుంది. మోకాళ్ళ మాత్ర వేసుకున్నావా? వేసుకోలేదు. మొహం చూస్తేనే తెలుస్తోంది. కదలకు, నేను తీస్తా."

కోటు పక్కకి జరిపి నా సంచిలో చెయ్యి పెట్టింది, మాత్రల సీసాతో పాటు కాగితాలు కూడా వచ్చాయి. ఇదేంటి, ఆ ముసలావిడదా, అంది. చదువు, అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కసారీ చదవమనలేదు, అది చదివేది కరెంటు బిల్లులూ, పేపర్లో పోయినవాళ్ళ పేర్లూ. నెత్తి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించి, రొట్టెల బల్ల దగ్గర కూర్చుని, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. నేను తడిచేత్తో నురుగు తీస్తున్నాను. నడిమి పులుసు కొంచెం మడ్డిగానే అయింది, మరీ అంత కాదు. దాని చేతిలో పేజీ తిరిగిన చప్పుడు, ఫోన్ అవతల ఎర్నెస్తీనా కణుపుల కోసం చెవి ఒగ్గినట్టే ఇప్పుడూ ఒగ్గాను. మధ్యలో ఆగిపోయింది. వేలు కాగితం మీదే ఉంది.

"అక్కా, ఇది ఆవిడ రాసింది కాదు."

"ఎలా చెప్తున్నావు?"

"అమ్మని ఆవిడెప్పుడు చూసింది?"

"అమ్మ ఎక్కడుందే అందులో? అది జస్టినా, దీవిలో..."

"జస్టినానో గిస్టినానో. మెట్టు మీద కూర్చుంది, మేజోళ్ళు రెండూ కలిపి చుట్టింది, ఎడమ జోడులో కుక్కింది. కుడిదాంట్లో పెట్టదు, కుడిదాంట్లో ఇంటి తాళంచెవి. ఆ జోళ్ళు మోసుకుంటూ వెనక నడిచింది నేనే తల్లీ, ఐదేళ్ళూ. నువ్వు జెండా పట్టుకుని ముందెక్కడో ఉన్నావు. నిద్రలో అడిగినా చెప్తాను ఏ జోడులో ఏముందో."

నేను గరిటె దించాను. ఎడమ జోడు అని రాసినప్పుడు ఎందుకు ఎడమ అని నన్ను నేను అడగలేదు, చెయ్యి రాసేసింది, ఆ చేతికి ఎర్నెస్తీనా చెప్పిందనే అనుకున్నాను. దానికి అంతా చెప్పాను, కాలెబ్ సంగతి, దొరికిందని అనడం, పుస్తకం ఆగిపోవడం, నాన్న మొక్కులాంటిదేనని నేను కట్టుకున్న వాదన కూడా. మధ్యలో అడ్డుపడకుండా విన్నది, అది దానికి అలవాటు లేని పని.

"పుస్తకం మీద ఎవరి పేరుంటుంది?"

"ఆవిడదే."

"అంటే అమ్మ మళ్ళీ ఇంకొకళ్ళ పేరు మీద నడవాలి."

"నాన్నకి నడిచింది కదే."

"నాన్న అమ్మకి మొగుడు. ఈవిడ అమ్మకేమవుతుంది? అయినా మైకులో నాన్న పేరు పిలిచారు సరే, ఆ కాళ్ళు ఎవరివో చూసినవాళ్ళందరికీ తెలుసు. దాచిందేముంది అందులో?" కాగితాలు బల్ల మీద తట్టి సర్దింది, అంచులు సమంగా. "ఇందులో కాళ్ళు కూడా కనబడవు."

కళ్ళజోడు తీసి ఏప్రాన్ అంచుతో తుడుచుకుంది, ఆవిరి అంది. నేనూ ఆవిరేలే అన్నాను. ఇద్దరం పుదీనా ఆకులు దూయడం మొదలుపెట్టాం. వాదన గోడ ఎక్కడ పగిలిందో నాకిప్పుడు తెలిసింది, ఎర్నెస్తీనా రాసిన జస్టినా ఏనాడూ జోళ్ళు విప్పి ఉండేది కాదు, ఆమె మనుషులు ఎవరికీ మొక్కేవాళ్ళు కాదు, గాలితో కూడా పోట్లాడేవాళ్ళు, ఆ తలుపు తీసిన మనిషి నా చేతికి రాగానే మా అమ్మ అయిపోయింది, బతికి ఉంటే రెండో వాక్యానికే ఎర్నెస్తీనా కణుపులు బల్ల మీద మోగి ఉండేవి. ఆ అధ్యాయం బాగుండడానికి కారణం కూడా అదే. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు, చాలా దూరం బరువు మోసుకొచ్చి దించాల్సిన ఇల్లు ఇది కాదని తెలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. బరువు మాత్రం నాదే.

ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయి, జుల్మీరానే మీట నొక్కి నా చెవికి ఆనించి పట్టుకుంది.

"ఆలోచించారా ఇదాలీనా?"

"ఆమె ఆపిన చోటే ఆపండి. తలుపు తీసి, గాలి ఎటునుంచి వీస్తోందో చూసిన చోట."

"మరి ముగింపు? రాయడం కుదరలేదా?"

"కుదిరింది. అది ఆమెది కాదు. నాది."

అవతల కుర్చీ కదిలిన చప్పుడు. "పైవాళ్ళతో మాట్లాడతాను. ఒప్పుకుంటారని మాత్రం మాట ఇవ్వలేను, మీకు తెలుసు కదా."

"తెలుసు. ముందుమాట నేను రాస్తాను. అక్కడ ఎందుకు ఆగిందో దాచకుండా రాస్తాను. ఆగినా నిలబడే పుస్తకం అది, కావాలంటే నేనే వచ్చి వాళ్ళకి చదివి వినిపిస్తాను, పైకి, మొదటి నుంచి చివరిదాకా."

అతను కొంచెం నవ్వాడు, సరేనన్నాడు, అడుగుతానన్నాడు. పెట్టేశాక జుల్మీరా ఫోను ఏప్రాన్‌కి తుడిచి "వాడు పాపం ఏడ్చేలా ఉన్నాడు" అంది. మాత్ర నా నోట్లో వేసి నీళ్ళిచ్చింది.

కిటికీల్లో కాళ్ళు మొదలయ్యాయి. ఊరేగింపుకని చర్చి వైపు వెళ్ళేవాళ్ళు. నల్ల బూట్లు, తెల్ల బూట్లు, చిన్నపిల్లల మెరిసే జోళ్ళు, పైన ఎక్కడో బ్యాండు వాళ్ళు బాకాలు సర్దుకుంటున్నారు. జుల్మీరా కుర్చీలో వెనక్కి వాలి పాత ఆట మొదలుపెట్టింది, అదిగో కన్‌సెయ్‌సావ్, ఈ ఏడు కూడా అవే బూట్లు, అదిగో మన ఆంటెరో మనవడు, ఆ కాళ్ళు తాత కాళ్ళే, దున్నపోతు కాళ్ళు. ఒకావిడ వచ్చి మా కిటికీ అంచున, గట్టు మీద కూర్చుంది, మొహం కనబడదు, మెల్లిగా ఒక జోడు విప్పింది, తరవాత రెండోది, వేళ్ళు ఒకసారి విప్పార్చి నేల మీద ఆనించింది. జుల్మీరా కుర్చీలో ముందుకి వంగింది. ఎవరు అన్నాను. తెలియదే, కొత్తావిడ, అంది. ఆవిడ ఎవరి మొక్కు తీర్చడానికొచ్చిందో, మైకులో ఎవరి పేరు పిలుస్తారో మాకు తెలియదు. నురుగు తీశాను. రొట్టెలు ఇంకా కొయ్యాలి.

ఎర్నెస్తీనా పుస్తకం అచ్చవుతుందో లేదో ఇది రాస్తున్న రోజుకి నాకింకా తెలియదు. అచ్చయితే ఆమె పేరు అట్ట మీద ఉంటుంది, మీరు చూసుకుంటారు, చివరి పేజీ దగ్గర ఖాళీ వస్తే ప్రెస్సు వాళ్ళ తప్పనుకోకండి. నేను అడిగేది ఇంకొకటి. కర్టెన్ల ఫ్యాక్టరీ వాళ్ళు ఆమెను నంబరుతో పిలిచేవారు, వీధిలో జెర్వాసియో భార్య అనేవారు, మేం అమ్మా అనేవాళ్ళం, క్లబ్బు గుమ్మంలో ఐదేళ్ళు ఆమె పగిలిన కాళ్ళతో లోపలికి వస్తుంటే ఇంకొకరి పేరు పిలిచారు. ఇంతదాకా వచ్చారు కాబట్టి, ఒక్కసారి పైకి పలకండి, మనసులో కాదు, వీలైతే తరవాత కూడా గుర్తు పెట్టుకోండి. ఆమె పేరు హెర్మీనియా.